పన్నెండో వంతు

"శనివారం తుక్కు బండి వస్తుంది. ఆ రంపం మీద ఉన్నవన్నీ తీసి ఖాళీగా పెట్టమని మీ ఆవిడకి చెప్పు," అన్నారు బావగారు.

ఆ 'మీ ఆవిడ' అక్కడే ఉంది. బావగారికి మూడడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చుని, గేటు ఊచల మీద సుద్దముక్కతో గీతలు పెడుతోంది. అయినా సరే, ఆయన మాట ముందు తమ్ముడి దగ్గరికి వెళ్ళి, అక్కడ కాసేపు సేదదీరి, ఆ తర్వాత ఆమె దగ్గరికి రావలసిందే. పదకొండేళ్ళుగా బావగారి మాటలకు ఆ దారి అలవాటైపోయింది. ఆయన కోపిష్టి కాదు, గర్విష్టీ కాదు. పండగలకూ పబ్బాలకూ పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టందే ఊరుకునే మనిషి కాదు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడవలసినంత అవసరం మాత్రం ఆయనకు ఇంతవరకు తగల్లేదు. దాహం వేస్తే "ఒరేయ్, గ్లాసుడు నీళ్ళిమ్మను" అంటారు. సుత్తి కావలసివస్తే "ఆ సుత్తి ఇటు అందిమ్మను" అంటారు. ఆమె అందిస్తుంది. ఆయన పుచ్చుకుంటారు. మధ్యలో తమ్ముడు టపా బంట్రోతులా నిలబడి ఉంటాడు.

"విన్నావుగా?" అన్నాడు భర్త, ఆమె వైపు తిరిగి.

"మీరు చెప్పేదాకా వినకూడదేమోనని ఆగాను," అంది ఆమె. సుద్దముక్క చెవి వెనక పెట్టుకుని లేచింది. "ఆ రంపం తుక్కు కాదండీ. మన పనికి పనికొస్తుంది."

"పనికొస్తుందంటోంది అన్నయ్యా."

"ఏ పనికిరా? మనం చేసేది ఇనుప గేట్లు. అది కోసేది చెక్క."

"ఇనుమే కోస్తుందని చెప్పండి," అంది ఆమె.

భర్త ఈసారి ఆ మాట మోయలేదు. ఎటూ పాలుపోక చేతిలో ఉన్న వెల్డింగు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. బావగారు మాత్రం నవ్వారు, మంచిగానే నవ్వారు. "సరే, ఇనుము కోస్తే శనివారం బండి ఉత్తిదే వెనక్కి పంపిద్దాం. కోయకపోతే అది కాటా మీదికి, ఆ జాగాలోకి నా ఇనుము పెట్టుకునే ర్యాకు. అంతేగా?" అని తమ్ముడి భుజం తట్టి, పక్క వీధిలో ఉన్న తన లేతు షాపుకి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక భార్యాభర్తలిద్దరూ షెడ్డు మూలకు చూశారు. రంపం అక్కడ నిలబడి ఉంది. ఆమెకంటే జానెడు ఎత్తు, పోత ఇనుము ఒళ్ళు. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటినీ చుట్టుకుని గాజులా తిరిగే సన్నటి బ్లేడు. బ్లేడు తుప్పు పట్టి చాలా కాలమైంది. పై చక్రం తలుపుకి భర్త చొక్కా, బల్ల మీద రెండు రంగు డబ్బాలు, ఎవరిదో తెలియని గొడుగు. వడ్రంగి అయిన తండ్రి పోయాక పుట్టింటి పంపకాల్లో పెద్దన్నయ్యకు ఇల్లు, చిన్నన్నయ్యకు దుకాణం వచ్చాయి. రంపాన్ని కదిపే ఓపిక ఇద్దరికీ లేకపోవడంతో అది ఆమెకు వచ్చింది.

"నిజంగా కోస్తుందంటావా?" అన్నాడు భర్త.

"కోయకపోతే నేనే కోయాలి కదా," అని ఆమె హాక్సా బ్లేడు తీసి ఊచ మీద పెట్టింది.

అది మాత్రం నిజం. షెడ్డు గోడకు అవతల పసిపిల్లల బడి ఉంది. కోత మెషీను పెడితే అది కీచుమని అరుస్తుంది, పిల్లలు గుక్కపెడతారు. బడి వదిలేదాకా ఆ మెషీను జోలికి పోకూడదని ఏనాడో మాట ఇచ్చారు. కాబట్టి పగటి కోతలన్నీ చేత్తోనే. ఈ కుటుంబంలో ప్రతి పనికీ ఒక పేరుంది. భర్తది వెల్డింగు, బావగారిది లేతు. ఆమెది 'కాస్త సాయం'. రోజుకు నలభై కోతల కాస్త సాయం. కుడి మణికట్టు దగ్గర ఒక నరం ఈ మధ్య గుండెతో పోటీపడి కొట్టుకుంటోంది.

బుధవారం పొద్దున్నే ఆమె రంపం చుట్టుకొలత పురికొసతో తీసుకుని, ఆ కొస చుట్టి సంచిలో వేసుకుని సామాన్ల కొట్టుకి వెళ్ళింది.

"ఏ మెషీనుకమ్మా బ్లేడు?" అన్నాడు కొట్టతను.

"చెక్క రంపానికి."

"అయితే చెక్క బ్లేడు కావాలి."

"ఇనుము కోయడానికి."

"అయితే అది చెక్క రంపం కాదు."

"చెక్క రంపమే. ఇనుము కోస్తుంది."

అతను గల్లాపెట్టె మూసి ఆమె ముఖంలోకి చూశాడు. "ఇంట్లో మగవాళ్ళెవరినైనా పంపండమ్మా, తేల్చుకుంటాం," అన్నాడు. ఆమె పురికొస బల్ల మీద పరిచి, "ఇంత పొడవు. అంగుళానికి పద్నాలుగు పళ్ళు. రెండు ఇవ్వండి," అంది. తండ్రి ఎప్పుడూ రెండే కొనేవాడు, కోయడానికి ఒకటి, తెగడానికి ఒకటి. పళ్ళ సంఖ్య చెప్పేసరికి అతనికి మగవాళ్ళు గుర్తురాలేదు. లోపలికి వెళ్ళి అట్టలో చుట్టిన బ్లేళ్ళు రెండు తెచ్చాడు.

మధ్యాహ్నానికి కొత్త బ్లేడు చక్రాలెక్కింది. పళ్ళు కిందికి చూస్తున్నాయో లేదో వేలితో తడిమి చూసింది. పై చక్రం మర తిప్పుతూ బ్లేడు బిగించి, మధ్యలో గోటితో మీటి, దగ్గరగా చెవి పెట్టి వింది. తండ్రి ఇలాగే మీటేవాడు. వదులైతే బొంగురుగా, ఎక్కువైతే కీచుగా పలుకుతుందనేవాడు. ఇంకో సగం చుట్టు బిగించింది. మరోసారి మీటింది. ఆఁ, ఇదే.

"రెడీనా?" అన్నాడు భర్త.

"మీరు కాస్త పక్కకుండండి."

స్విచ్చు వేసింది. రంపం ఒళ్ళు విరుచుకుని, గొంతు సవరించుకుని, హోరుమంది. ఆ హోరు వినగానే ఆమెకు అరికాళ్ళ కింద చిన్నప్పటి దుకాణం నేల అదిరినట్టయింది. ఎంత జోరుగా తిరిగితే కోత అంత నున్నగా వస్తుందని తండ్రి చెప్పేవాడు. ఇది జోరుగానే తిరుగుతోంది. చదునైన ఇనుప బద్దీని బల్ల మీద పెట్టి ముందుకు నెట్టింది.

కెవ్వుమని ఒక్క అరుపు. దీపావళి చిచ్చుబుడ్లాంటి ఎర్రటి నిప్పులు. బద్దీ మీద అర అంగుళం గీత పడింది, తర్వాత గీతా లేదు, కోతా లేదు. బ్లేడు బద్దీని రిబ్బనులా రాసుకుంటూ పోతోంది. స్విచ్చు ఆపి చూస్తే, అంగుళానికి పద్నాలుగు పళ్ళ చొప్పున ఉన్న బ్లేడుకి ఒక్క పన్నూ మిగల్లేదు. నీలంగా కమిలి, బోసినోరు పెట్టుకుని వేలాడుతోంది.

"పొగ," అన్నాడు భర్త.

"తెలుసు."

"అది కాదోయ్, కింద!"

కింది చక్రం గూట్లో తండ్రి కాలం నాటి రంపపు పొట్టు గట్టిపడి ఉంది. నిప్పులన్నీ తిన్నగా అందులో పడ్డాయి. భర్త పరుగున వెళ్ళి బకెట్టుడు నీళ్ళు గుమ్మరించాడు. పొట్టు చుయ్యిమంది. గోడ మీంచి బడి ఆయా తల ఒకటి లేచింది. "ఏం మాడ్చారమ్మా?" అంది.

"బ్లేడు," అంది ఆమె.

"అడుగంటిందా?"

"పూర్తిగా."

భర్త నవ్వలేదు. ఇలాంటప్పుడు పది నిమిషాలు ఓపిక పట్టి తర్వాత నవ్వడం ఆయన అలవాటు, ఆమెకు ఆయనలో నచ్చినవాటిలో అదొకటి. పది నిమిషాల తర్వాత షెడ్డు వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆమె వినపడనట్టే ఊరుకుంది. సాయంత్రానికల్లా ఈ సంగతి లేతు షాపుకి చేరింది. "ఇంకో బ్లేడు పాడుచేయొద్దని మీ ఆవిడకి చెప్పు. పాపం డబ్బు దండగ," అని బావగారు ఫోనులో అన్నారట. ఆ 'పాపం' ఒక్కటీ భర్త చెప్పకపోయినా బాగుండేది.

గురువారం ఆమె గరిటె పట్టుకుని రంపం ముందు చతికిలబడింది. కోసినా కోయకపోయినా, ఆ పొట్టు మాత్రం అందులో ఉండకూడదు. వంటింటి పాత గరిటెతో గీకుతుంటే పొట్టు పొరలు పొరలుగా, కేకు ముక్కల్లా ఊడివస్తోంది. పైన తెల్లటి చవక చెక్క. దాని కింద పసుపుపచ్చ. అట్టడుగున ముదురు గోధుమ రంగు టేకు, ముక్కు దగ్గర పెడితే ఇంకా నూనె వాసన వేస్తోంది. తండ్రి దగ్గరికి మంచి బేరాలు వచ్చిన రోజులు అడుగున, రాని రోజులు పైన. టేకు పొట్టు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసుకుంది. మిగతాదంతా ఎత్తిపోసింది.

పక్కన భర్త గేటు కమ్మీకి బెజ్జం వేస్తున్నాడు. చిన్న బిట్టుతో ముందు సన్న బెజ్జం వేసి, దాన్ని విప్పి, బొటనవేలంత బిట్టు బిగించాడు. బిగించాక డ్రిల్లు మెషీను పై మూత ఎత్తాడు. లోపల మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీలు రెండు. వాటి మీది బెల్టుని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దించాడు. మూత వేసి మీట నొక్కాడు. బిట్టు ఇందాకటిలా గిర్రున కాకుండా తీరుబడిగా, నములుతున్నట్టుగా తిరిగింది. ఇనుము మెలికలు మెలికలుగా పైకొచ్చింది.

ఆమె గరిటె ఆగింది.

"ఆ బెల్టు ఎందుకు మార్చారు?"

"పెద్ద బిట్టు కదా. జోరుగా తిప్పితే మొన కాలిపోతుంది. ఇనుము దగ్గర నెమ్మదిగా పోవాలి."

"ఈ సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఎప్పట్నుంచేమిటి, పని నేర్చుకున్నప్పట్నుంచీ."

"మరి నిన్న చెప్పలేదేం?"

భర్త కాస్త ఆలోచించాడు. "నిన్నటిది రంపం కదా," అన్నాడు. "ఇది డ్రిల్లు."

ఆయన్ని తప్పుపట్టడానికి ఆమెకూ మొహం లేదు. పదకొండేళ్ళుగా రోజూ ఆ మూత లేవడం, బెల్టు దిగడం చూస్తూనే ఉంది. వడ్రంగి కూతురు కాబట్టి వేగం మంచిదనుకుంది. వెల్డరు కాబట్టి ఆయన రంపాల సంగతి తనది కాదనుకున్నాడు. ఇద్దరి తెలివీ ఒకే షెడ్డులో, ఒకే చూరు కింద, ఎవరి పీట మీద అది కూర్చుంది.

చేతులు తుడుచుకుని బ్లేడు చుట్టి వచ్చిన అట్ట వెతికింది. చెత్తబుట్టలో దొరికింది. దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది: మెత్త ఇనుముకి నిమిషానికి రెండు వందల యాభై అడుగులు. డిగ్రీలో లెక్కలు చదివి, బ్లేడు అట్ట చదవనందుకు తనను తాను ఒక మాట అనుకుని, సుద్దముక్క తీసుకుని షెడ్డు తలుపు దగ్గరికి వెళ్ళింది.

మోటారు నిమిషానికి పద్నాలుగు వందల నలభై చుట్లు. దాని మీద నాలుగంగుళాల పుల్లీ, రంపం మీద తొమ్మిదంగుళాలది. చక్రం అడ్డకొలత అడుగున్నర. తలుపు మీద అంకెలు ఒకదాని కింద ఒకటి దిగాయి. అన్నీ దిగాక కింద గీత గీసింది. మూడు వేల అడుగులు.

"మూడు వేలు," అంది. "కావలసింది రెండు వందల యాభై. పన్నెండో వంతు."

"మోటారు మీద చిన్న పుల్లీ పెడితే?" అన్నాడు భర్త, వెనక నిలబడి.

"నాలుగు తీసి రెండు పెడితే సగమవుతుంది. ఇంకా ఆరో వంతు చేయాలి." ఆమె డ్రిల్లు మెషీను వైపు చూసింది. చిన్నది పెద్దదాన్ని తిప్పితే పెద్దది నెమ్మదిస్తుంది. "మధ్యలో ఒక ఇరుసు పెడదాం. మోటారు బెల్టు ఆ ఇరుసు మీది పన్నెండంగుళాల పుల్లీకి. అదే ఇరుసు మీద పక్కనే రెండంగుళాలది, అక్కణ్నుంచి రంపానికి. పన్నెండుని రెండుతో భాగిస్తే ఆరు. ఆరు రెళ్ళు పన్నెండు." చక్రం ఇక నిమిషానికి తిరగవలసిన చుట్లు, యాభై మూడు, అన్నిటి కింద రాసింది.

భర్త తలుపు మీద అంకెలను కింది నుంచి పైకి చదివాడు. పై నుంచి కిందికి చదివాడు. "పన్నెండంగుళాల పుల్లీ ఎక్కడుంది?" అన్నాడు చివరికి. లెక్క తప్పని అనలేదు. ఆమె దాన్ని గమనించి మనసులో ఒక మూల దాచుకుంది.

పుల్లీ తుక్కు కొట్టులో ఉంది. కొట్టు యజమానిని అందరూ తుక్కాయన అంటారు. సొంత పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. తాళ్ళు, తలుపులు, సైకిళ్ళు, ఇంజన్ల గుట్టల మధ్య కాటా పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. మూతపడిన పిండిమర తాలూకు సామాను ఒక మూల ఉంటే ఆమె వంగి, ఒక్కొక్కటే పక్కకు లాగి, అడుగునుంచి పెద్ద పుల్లీ ఒకటి పైకి తీసింది. టేపు పెట్టి చూసింది. పన్నెండు. గాడిలో ఇంకా పిండి అంటుకుని ఉంది.

"ఎందుకు తల్లీ అది?" అన్నాడు తుక్కాయన.

"రంపానికి."

"ఏ రంపం? శనివారం నేను వచ్చి ఎత్తుకెళ్ళాల్సిన రంపమేనా?"

"అదే."

"అంటే నా తుక్కు పట్టుకెళ్ళి నాకు రావాల్సిన తుక్కుకి అతికిస్తావన్నమాట!" ఆయన టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. నవ్వి, లేచి వచ్చి, ఆమె గీసి తెచ్చిన కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూస్తున్న కొద్దీ నవ్వు తగ్గింది. "పాత పిండిమరలోనూ ఇలాగే మధ్యలో ఇరుసు ఉండేది," అన్నాడు మెల్లగా. తనే గుట్టలోకి చెయ్యి పెట్టి రెండంగుళాల పుల్లీలు రెండు, ఇరుసు ముక్క, బేరింగు దిమ్మలు రెండు బయటికి తీశాడు.

"తూకం వేయండి," అంది ఆమె.

"వేయను. శనివారం రంపం నా బండెక్కితే ఇవీ దానితోపాటే ఎక్కుతాయి. ఎక్కలేదనుకో, అప్పుడు నాకు నీతో ఒక పని పడుతుంది. ఏం పనో అప్పుడే చెప్తా."

శుక్రవారం భర్త గేటు పని పక్కన పెట్టేశాడు. ఎల్ ఆకారపు కోణం కమ్మీలు కోసి, అతికి, మోటారుకీ రంపానికీ మధ్య ఒక స్టాండు నిలబెట్టాడు. ఆయన అతుకుతుంటే ఆమె ఒక దారం పట్టుకుని ఈ పుల్లీ అంచు నుంచి ఆ పుల్లీ అంచుకి లాగి, ఒంటి కన్నుతో చూస్తూ, "ఎడమకి. అబ్బ, అంత కాదు. వెంట్రుకంత," అంటూ కూర్చుంది. పుల్లీలు ఒకే గీతలో లేకపోతే బెల్టు అలిగి దిగిపోతుంది. బ్లేడుని పక్కలకు ఊగకుండా పట్టే చెక్క దిమ్మలు తీసేసి, వాటి చోట ఇత్తడి ముక్కలు అరగదీసి పెట్టాడు భర్త. చక్రాల రబ్బరు పట్టీలో ఇనుప రజను గుచ్చుకుంటే బ్లేడు ఎగుడుదిగుడవుతుందని ఆమెకు అనుమానం వచ్చింది. ఇంట్లోకి వెళ్ళి బట్టలు ఉతికే బ్రష్షు తెచ్చి, కింది చక్రానికి ఆనుకునేలా తీగతో కట్టేసింది.

"ఇక బట్టలు దేంతో ఉతుకుతావు?"

"మీ చొక్కాల సంగతి మీరు చూసుకోండి. నా బ్రష్షుకి వేరే ఉద్యోగం వచ్చింది."

రెండో బ్లేడు బిగించింది. మీటింది. వింది. చక్రం అంచు మీద సుద్దతో గుర్తు పెట్టి స్విచ్చు వేసింది.

హోరు రాలేదు. మోటారు గుర్రుమంది, బెల్టులు నడిచాయి, చక్రం మాత్రం భోజనం చేసి నడుం వాల్చబోయే మనిషిలా కదిలింది.

"నడుస్తోందా, ఆగిందా?" అన్నాడు భర్త.

"మాట్లాడకండి." ఆమె గోడ గడియారం చూస్తూ సుద్ద గుర్తును లెక్కపెడుతోంది. "యాభై ఒకటి... యాభై రెండు... యాభై మూడు." నిమిషం పూర్తయింది. తలుపు మీది ఆఖరి అంకె వైపు చూసింది. అక్కడా యాభై మూడే ఉంది. తలుపు మీద తను రాసిన అంకెకు మూల నిలబడ్డ అంత పెద్ద ఇనుము తలవంచి ఒప్పుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు ఇంతవరకు తెలియదు. డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజు కూడా ఇంత నిటారుగా నిలబడలేదు.

అదే బద్దీ. అదే అర అంగుళం గీత పక్కన. బల్ల మీద పెట్టి నెట్టింది. నిప్పుల్లేవు, అరుపు లేదు. బ్లేడు బద్దీలోకి దిగుతోంది. కింద సన్నటి ఇనుప నలుసులు ఉంగరాలు తిరుగుతూ రాలుతున్నాయి. పిల్లి ఒళ్ళో కూర్చున్నప్పుడు చేసే చప్పుడు లాంటిదొకటి వస్తోంది, అంతే. బద్దీ చివరి ముక్క టక్కుమని రాలింది. ఆమె తీసి అంచు మీద బొటనవేలు రాసింది. గోరువెచ్చగా ఉంది.

గోడ మీంచి ఆయా తల లేచింది. "ఏమ్మా, ఇవాళ పని లేదా మీకు? సడీచప్పుడూ లేదు, పిల్లలంతా హాయిగా పడుకున్నారు."

"లేదు," అంది ఆమె. "ఇవాళంతా ఖాళీయే."

ఆ మధ్యాహ్నం ఇరవై రెండు ఊచలు కోసింది. మణికట్టులోని నరం ఏదో మర్చిపోయినట్టు ఊరుకుంది.

శనివారం బావగారు పది గంటలకల్లా వచ్చారు. ర్యాకు పెట్టే జాగా కొలుద్దామని టేపు కూడా తెచ్చుకున్నారు. రంపం దగ్గరికి వచ్చేసరికి టేపు చేతిలోనే ఉండిపోయింది. భర్త స్విచ్చు వేశాడు. ఆమె ఒక బద్దీ పెట్టి కోసింది. ముక్క రాలింది. బావగారు దాన్ని తీసి, వెలుతురుకి ఎత్తి, అంచు చూశారు. ఆయన లేతు మనిషి. ఇనుము మీద మంచి పని చూస్తే దాచుకోలేరు.

"ఒరేయ్!" అని తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచారు. "ఎంత బుర్రరా నీది! ఇన్నాళ్ళూ ఏ అటక మీద దాచావురా? మధ్యలో ఇరుసు పెట్టాలని ఎలా తోచిందిరా నీకు?"

ఆమె బ్రష్షుతో బల్ల మీది రజను తుడుస్తోంది. తుడుస్తూనే ఉంది, అక్కడ రజను అయిపోయినా. భర్త చెయ్యి స్విచ్చు మీదే ఉంది. రంపం ఇంకా నడుస్తోంది. సుద్ద గుర్తు ఒక చుట్టు తిరిగింది. రెండు. మూడు. అన్నయ్య చెయ్యి మెచ్చుకోలుగా వీపు మీద పడటం ఆయనకు కొత్త, ఆ సంగతి ఆమెకు తెలుసు. చిన్నప్పట్నుంచీ ఆ చెయ్యి కోసమే చూసిన మనిషి. నాలుగు. ఐదు. ఇంకో రెండు చుట్లు తిరిగితే ఆ రంపం ఇక ఎప్పటికీ ఆయనదే అయిపోతుంది, పుట్టింటివాళ్ళు తనకిచ్చినదల్లా అదొక్కటే అయినా. ఆమె తల ఎత్తలేదు.

"నేను స్టాండు అతికానన్నయ్యా," అన్నాడు భర్త. స్విచ్చు ఆపాడు. "బోల్టులు బిగించాను. ఇరుసు తోచింది ఆవిడకి. లెక్క ఆవిడది. ఇదిగో, తలుపు మీదే ఉంది, చూడు."

బావగారు తలుపు వైపు చూశారు. అంకెలన్నీ చదివారు. టేపు తెరిచారు, మూశారు. "బాగుంది," అన్నారు తలుపుతో. ఆ తర్వాత కాస్త సర్దుకుని, "బద్దీ వేరురా. బద్దీ ఎవరైనా కోస్తారు. లావుపాటి షాఫ్టు కోసిన రోజున ఒప్పుకుంటానని చెప్పు," అన్నారు.

సరిగ్గా అప్పుడే తుక్కు బండి వచ్చి గుమ్మంలో ఆగింది. అది ఖాళీగా రాలేదు. రెండు పొడుగాటి ఇనుప షాఫ్టులు బండి దాటి బారెడు బయటికి వేలాడుతున్నాయి.

"ఇవేంటయ్యా?" అన్నారు బావగారు. "రంపం ఎక్కించుకోవడానికి వస్తూ బండి నింపుకొస్తావా?"

"మీవే బాబూ," అన్నాడు తుక్కాయన దిగుతూ. "లేతుకి అడుగేసి ముక్కలు కావాలన్నారుగా. మీ కుర్రాళ్ళు ఒక్కో ముక్క హాక్సాతో కోయడానికి గంట తీసుకుంటున్నారని మొన్న మీరే తిట్టారు. దారిలో కోయించుకొస్తే మీకు శ్రమ తప్పుతుందని తెచ్చా." ఆమె వైపు తిరిగాడు. "నీతో ఒక పనుందన్నానే, ఇదే తల్లీ."

బావగారు షాఫ్టుని చూశారు. రెండంగుళాల లావు, నున్నటి గుండ్రం. "ఒరేయ్, చెప్పు. గుండ్రటిది బల్ల మీద దొర్లుతుంది. దొర్లిందంటే బ్లేడు పట్టి లాగేస్తుంది, ఫట్టున తెగుతుంది. ఉన్నది ఒక్కటే బ్లేడటగా."

అది నిజమే. ఆమె దగ్గర మూడో బ్లేడు లేదు. తెగితే ఇవాళ కాటా తప్పదు. అయితే గుండ్రటి దుంగను తండ్రి ఏనాడూ ఉత్త బల్ల మీద పెట్టి కోయలేదు, ముందు దానికొక ఊయల చేసేవాడు. వేగం దగ్గర తండ్రి మాట పొరపాటైంది. గుండ్రం మాత్రం చెక్కయినా ఇనుమైనా గుండ్రమే. నిన్న సాయంత్రమే చేయించి పెట్టుకున్న కోణం కమ్మీ ముక్కను బల్ల కింది నుంచి తీసింది. లోయలా ఉన్న దాని ఒడిలో షాఫ్టుని పడుకోబెట్టి, పైన పట్టీ వేసి, బోల్టు బిగించి, చేత్తో తిప్పబోయింది. అది మెదల్లేదు.

భర్త, తుక్కాయన షాఫ్టు అవతలి కొస పట్టుకున్నారు. ఆమె స్విచ్చు వేసి, కమ్మీని రెండు అరచేతులతో మెల్లగా నెట్టింది. పళ్ళు ఇనుమును రుచి చూశాయి. జారాయి. ఒక్క క్షణం బ్లేడు వణికింది. ఆమె చేతులు వెనక్కి తీయలేదు, ముందుకూ తోయలేదు. అలాగే ఉంచింది. వణుకు తగ్గింది. కింద మొదటి ఉంగరం రాలింది.

కోత పావు వంతు దిగింది. మూడో వంతు దిగింది. బావగారు మొదట గుమ్మం దగ్గర ఉన్నారు. కాసేపటికి మోటారు దగ్గర ఉన్నారు. ఇంకాసేపటికి ఆమె పక్కనే నడుం వంచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ముఖం బ్లేడుకి జానెడు దూరంలో పెట్టి ఉన్నారు.

"నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందమ్మా ఇది?" అన్నారు.

షాఫ్టు కొస పట్టుకున్న భర్త తల ఎత్తాడు. తుక్కాయన ఆయన్ని చూశాడు. తను ఏం చేశారో బావగారికి ఇంకా తెలియలేదు, ఆయన చూపు కోత మీదే ఉంది.

ఆమెకు జవాబు నాలిక చివరే ఉంది. కానీ పదకొండేళ్ళ అలవాటును మధ్యదారిలో వదిలేయడం మర్యాద కాదనిపించింది.

"ఏవండీ," అంది భర్తతో, చేతులు కదపకుండా. "యాభై మూడని మీ అన్నయ్యగారికి చెప్పండి."

"యాభై మూడట అన్నయ్యా," అన్నాడు భర్త, ముఖంలో ఒక్క గీత కదలకుండా.

తుక్కాయనకు దగ్గొచ్చింది. బావగారు నడుం ఎత్తి నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి.

"కోత వేడెక్కుతోంది," అంది ఆమె మళ్ళీ భర్తతోనే. "ఆ నూనె డబ్బా ఇటు అందిమ్మనండి."

భర్త నోరు తెరిచేలోపే బావగారు వెనక్కి తిరిగారు. అరలో ఉన్న నూనె డబ్బా తీసి, మూతికి అంటిన దుమ్ము తన చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేతికి అందించారు. ఆమె పుచ్చుకుంది. రెండు చుక్కలు వేసింది. కోత చల్లబడి, నల్లటి ఉంగరాలు మెరుస్తూ రాలాయి.

ఐదో నిమిషం దాటుతుండగా ముక్క ఠంగుమని నేల మీద పడింది. బావగారే వంగి తీశారు. జేబులోంచి మూలమట్టం తీసి కోత మీద ఆనించి, వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి చూశారు. ఎంతసేపు చూసినా మూలమట్టానికీ ఇనుముకీ మధ్య వెలుగు దూరలేదు.

"మరి రంపం సంగతేంటి బాబూ?" అన్నాడు తుక్కాయన, ఏమీ ఎరగనట్టు. "కాటా దింపమంటారా?"

"నడిచే మెషీను ఎవడైనా తుక్కుకిస్తాడా? నీకేమైనా మతి పోయిందా?" అని బావగారు విసుక్కున్నారు. ఆ ఆలోచన ఎవరిదో ఆయనకు బొత్తిగా తెలియదు.

టేపు జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, షాఫ్టు అవతలి కొసకు నడిచారు. తమ్ముణ్ని పక్కకు జరగమని, ఆ బరువు తనే ఎత్తి పట్టుకున్నారు.

"రెండో ముక్కకి ఎంత జరపాలమ్మా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇక ఏ మాటా మోయనవసరం లేని మనిషిలా గోడకు ఆనుకుని, నవ్వు ఆపుకుంటున్నాడు. ఇంకా పది నిమిషాలు కాలేదు.

"అడుగు," అంది ఆమె, బావగారి ముఖంలోకి చూసి. "కాస్త ముందుకి బావగారూ. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆఁ, చాలు. అక్కడే పట్టుకోండి."

బావగారు అక్కడే పట్టుకున్నారు.